అరవై దాటాక బరువు తగ్గే ఆపరేషనా? ముందు కుర్చీలోంచి లేవండి

నేను హైదరాబాద్‌లో ఒక బారియాట్రిక్, అంటే బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే, టీమ్‌లో డైటీషియన్‌ని. ఆపరేషన్ సర్జన్ చేస్తారు గానీ, దానికి ముందూ తర్వాతా జనం ఎక్కువసేపు కూర్చునేది నా గదిలోనే. ఈమధ్య అరవై దాటినవాళ్లు బాగా వస్తున్నారు. చాలామందిని మోకాళ్ల డాక్టర్లే పంపుతారు, "ముందు బరువు తగ్గండి, కీళ్ల మార్పిడి సంగతి తర్వాత చూద్దాం" అని. వచ్చేటప్పుడు చుట్టాలు చెప్పినవి, యూట్యూబ్‌లో చూసినవి అన్నీ మూటగట్టుకుని వస్తారు. ఆ మూటలో నాకు తరచూ కనబడేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: 65 దాటితే ఈ ఆపరేషన్ చెయ్యరు.

ఒక పెద్దావిడ వచ్చారు. 66 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 38. కూర్చుంటూనే "గీ వయసుల నాకెందుకు బిడ్డా ఈ కోతలు" అన్నారు. కొడుకేమో "65 దాటితే చెయ్యరంట కదా మేడం" అని అందుకున్నాడు. నిజమే, ఒకప్పుడు చాలామంది సర్జన్లు ఆ వయసు దగ్గర ఆగిపోయేవాళ్లు. కానీ అమెరికా బారియాట్రిక్ సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వయసుకి పై హద్దంటూ లేదు. మనిషి ఎంత బలహీనంగా ఉన్నారో చూడమన్నారు, మిగతా జబ్బులు చూడమన్నారు.

నేనైతే మాటల కంటే ముందు కుర్చీ చూపిస్తాను. చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా ఐదుసార్లు లేచి కూర్చోమంటాను. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ బలం మీద అనుమానపడాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన కొలత. ఆ పెద్దావిడ మూడోసారికే కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. నొప్పి వల్ల కొంత, కండ లేక కొంత. అదే వారంలో 71 ఏళ్లాయన ఒకరు, రోజూ పొద్దున్నే ఇందిరా పార్కులో నడిచే మనిషి, తొమ్మిది సెకన్లలో ముగించి "ఇంకోసారి చెయ్యాలా?" అన్నారు. ఇద్దరిలో ఎవరి ఆపరేషన్‌కి నాకు టెన్షన్ ఎక్కువో చెప్పక్కర్లేదు కదా. పెద్దావిడకి వద్దని చెప్పలేదు, మూడు నెలలు ఫిజియోథెరపీ, ప్రోటీన్ తిండి, తర్వాత మళ్లీ కుర్చీ అని చెప్పి పంపాం.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆపరేషన్ తర్వాత పోయే బరువంతా కొవ్వే అనుకుంటారు గానీ అందులో సుమారు పావు వంతు కండ కూడా పోతుంది. ముప్పై ఏళ్ల వాళ్లు జిమ్‌కి పోయి కొంత తిరిగి తెచ్చుకుంటారు, అరవై దాటాక అది అంత సులువుగా రాదు. బరువు తగ్గింది, బట్టలు వదులయ్యాయి అని ఇంట్లో అందరూ సంతోషపడుతుంటే, ఆ మనిషి మాత్రం బాత్రూమ్‌లో గోడ పట్టుకుని లేస్తుంటారు.

అపోహ: ఆపరేషన్ తర్వాత రాగిజావ, పెరుగన్నం చాలు, పెద్దవాళ్లకి అదే తేలిక.

దీనితోనే నాకు రోజూ గొడవ. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగానే తీసేస్తారు, మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. మొదట్లో ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, అలా వారాల మీద మామూలు తిండికి వస్తారు. ఆ కాస్త చోటునీ జావతో నింపేస్తే ప్రోటీన్‌కి చోటెక్కడ? రోజుకి కనీసం 60 గ్రాములు కావాలి. రెండు గుడ్లకి 12, కప్పు గట్టి పప్పుకి ఆరేడు, కప్పు పెరుగుకి ఆరు, వండిన చికెన్ 100 గ్రాములు తింటే 25 దాకా. గ్లాసు పల్చటి రాగిజావలో రెండు మూడు గ్రాములు ఉంటే గొప్ప. ఇక పప్పుచారు సంగతి అడక్కండి, అందులో పప్పుని వెతుక్కోవాలి! శాకాహారులకి పనీర్, మీల్‌మేకర్, అవి సరిపోకపోతే ప్రోటీన్ పౌడర్. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఆ డాక్టర్ని అడగకుండా ఈ లెక్క పట్టుకోవద్దు.

ఇంకో చిన్న మార్పు, ఇది మనవాళ్లకి చాలా కష్టం: కూర, పప్పు, గుడ్డు ముందు తినాలి, అన్నం చివర్లో, చోటుంటేనే. కలిపి ముద్దలు చేసుకునే అలవాటు కదా, మొదటి నెల ఇంట్లో యుద్ధమే.

అపోహ: కడుపులో కొవ్వు గుంజేస్తారు.

అది లైపోసక్షన్, వేరే పని. ఇక్కడ కొవ్వుని ముట్టుకోరు.

అపోహ: షుగర్ పూర్తిగా పోతుంది.

కొందరికి పోతుంది, అంటే మాత్రల్లేకుండా అదుపులో ఉంటుంది. షుగర్ వచ్చి మూడేళ్లయిన వాళ్లకి ఉన్నంత అవకాశం, పదిహేనేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి ఉండదు. అయినా మోతాదు తగ్గుతుంది, అసలు జాగ్రత్త అక్కడే. తిండి ఒక్కసారిగా పడిపోయాక కూడా పాత షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ అలాగే వేసుకుంటే షుగర్ పడిపోయి, కళ్లు తిరిగి మనిషి పడిపోవచ్చు, ఈ వయసులో పడితే తుంటి ఎముకే. బీపీ మాత్రలదీ అదే కథ.

అపోహ: బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చేశాయి, ఇంక కోత ఎందుకు?

మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చాయి. బాగానే పనిచేస్తున్నాయి, కొందరికి నేనే అవి మేలంటాను. కానీ ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది, ఆకలి చచ్చిపోయి తిండి మానేస్తే కండా పోతుంది. వాటికీ నా దగ్గర అదే కుర్చీ.

అపోహ: ప్రాణానికి ప్రమాదం.

ప్రమాదం బొత్తిగా లేదని నేను అనను. అనుభవమున్న చోట మొత్తం మీద వెయ్యికి ఒకరు, అటూ ఇటూగా. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లకి అంతకంటే ఎక్కువే. గురక పెట్టేవాళ్లకి ముందే నిద్ర పరీక్ష చేయించేది, వీలైతే ఆపరేషన్ రోజు సాయంత్రమే వార్డులో నడిపించేది అందుకే. కాళ్లలో రక్తం గడ్డ కట్టకూడదు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. పాలసీల్లో ఇప్పటికీ బీఎంఐ 40, లేదా 35తో పాటు అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటి జబ్బు ఉండాలనే ఉంటుంది. కాగితం చదువుకుని రండి.

అపోహ: నీరసం, మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు వయసు వల్లే.

ఆపరేషన్ అయినవాళ్లలో ముందు విటమిన్ బి12 చూడాలి. పెద్దవాళ్లు ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఇంకా గ్యాస్ మాత్రలు వాడుతుంటారు, ఆ రెండూ బి12ని ముందే తగ్గిస్తాయి, దాని మీద ఈ ఆపరేషన్. ఐరన్, కాల్షియం, విటమిన్ డి, బి12 జీవితాంతం. రెండేళ్లు వాడి "బాగానే ఉన్నా కదా" అని ఆపేసినవాళ్లే మళ్లీ నా గదిలో కనబడతారు.

బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకి కుట్టే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మింగకూడదు, కుట్టిన చోట పుండు పడి రక్తం కారొచ్చు. మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లకి ఇది ముందే తెలియాలి. అందుకే మొదటిసారి వచ్చేటప్పుడు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని రండి, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొని దిండు కింద దాచిపెట్టుకున్నవి కూడా.