గెడ్డ నల్లగా ఎందుకుందంటే

పిల్లలూ, సెలవులకి వచ్చినప్పుడు వైజాగ్‌లో జ్ఞానాపురం వైపు గెడ్డ (కొండ మీంచి దిగే వాగు) చూసి ముక్కు మూసుకుని "తాతా, ఇందులో తారు కలిపేరా" అని అడిగారు కదా, ఆటో గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

తారు కాదురా, చాలావరకు మన ఇళ్ల నీళ్లే. డ్రైనేజీ ఉన్న ఊళ్లలో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలని లెక్క, అందులో 80 శాతం దాకా మళ్లీ డ్రైనేజీలోకే పోతాయి. వాటిలో ఉన్న అన్నం మెతుకులు, సబ్బు, మలం అన్నీ బాక్టీరియాకి భోజనం, తింటూ తింటూ నీళ్లలో ఆక్సిజన్ వాడేస్తాయి. చిక్కంతా ఇక్కడే. మన వైజాగ్ ఎండకి లీటర్ నీళ్లలో 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కూడా కరగదు, మురుగు నీళ్లకేమో లీటర్‌కి 200 అటూ ఇటూ కావాలి (దీన్నే బీఓడీ అంటారు). ఇంకేం మిగుల్తుంది? ఆక్సిజన్ అయిపోయాక ఇంకో రకం బాక్టీరియా రాజ్యం మొదలవుతుంది, వాటికి ఆక్సిజన్ బదులు నీళ్లలో కరిగిన సల్ఫేట్ (గంధకం ఉన్న ఒక రకం లవణం) ఉంటే చాలు, అవి వదిలే గ్యాసే ఆ కుళ్లిన గుడ్డు కంపు, అది బురదలో ఇనుముతో కలిసిందంటే మీరు చూసిన నలుపు. సముద్రపు నీళ్లలో సల్ఫేట్ బోలెడు కాబట్టి ఆటుపోట్లు తగిలే చోట కంపు ఇంకా ఎక్కువ.

గోదావరి లాంటిది వందల కిలోమీటర్లు పారుతుంది కాబట్టి దారిలో గాలి తగిలి కొంత తేరుకుంటుంది. మన గెడ్డలు పొట్టివి, కొండ దిగి ఊరు దాటేలోపే సముద్రమో హార్బరో వచ్చేస్తుంది, బాగుపడే టైమే లేదు. పైగా 1933లో తెరిచిన ఇన్నర్ హార్బర్‌కి సముద్రంలోకి ఉన్నది సన్నటి ఛానెల్ ఒక్కటే, లోపలికొచ్చింది ఒక పట్టాన బయటికి పోదు.

అప్పుఘర్‌లో, నరవలో ఉన్న ఎస్టీపీల (మురుగు నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ల) పని ఇదే, గెడ్డకి లేని టైమ్ ఇవ్వడం. ముందు జాలీల్లో కవర్లు, గుడ్డలు ఆపి, ఇసుక దింపేస్తారు. ఆ తర్వాత మామూలుగా పెద్ద ట్యాంకులో గాలి కొట్టి బాక్టీరియాని కొన్ని గంటలు మేపుతారు, అవి కడుపు నిండి ముద్దలు కట్టి అడుక్కి దిగుతాయి, పైన తేట నీళ్లు. ఆ అడుగు బురదంతా పారెయ్యరు, మీ అమ్మమ్మ నిన్నటి పెరుగు కొంచెం ఉంచి ఇవాళ్టి పాలకి తోడు పెట్టినట్టు కొంత వెనక్కి మొదటి ట్యాంకులోకే తిప్పుతారు. 1914లో మాంచెస్టర్‌లో కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ చాలాచోట్ల ఇదే నడుస్తోంది.

ఇలా బతికున్న జీవులు చేసే పని కాబట్టే ఫ్యాక్టరీ నీళ్లు నేరుగా ఇందులోకి వదలకూడదు, క్రోమియం, ఫినాల్ లాంటివి ఎక్కువగా వచ్చాయంటే బాక్టీరియా చచ్చిపోయి మొత్తం ప్లాంటే పడుకుంటుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలకి వేరే ట్రీట్‌మెంట్ ఉండాలి, అందుకే పరవాడ ఫార్మా సిటీలో ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి కామన్ ప్లాంట్ పెట్టారు. బాత్రూమ్ యాసిడ్ డబ్బాలకి డబ్బాలు గుమ్మరించే వాళ్లు కూడా తక్కువేం కాదులెండి.

నా మటుకు నాకు, కొత్త ప్లాంట్ కట్టడం కన్నా ఇంటింటికీ యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) కనెక్షన్ ఇవ్వడమే కష్టమైన పని అనిపిస్తుంది. రిబ్బన్ కట్ చేసేది ప్లాంట్ దగ్గర, గొట్టం ఎవడి ఫోటోలోనూ పడదు. ఒక్క వీధి వాళ్లు బాత్రూమ్ పైపు తీసుకెళ్లి వాన నీళ్ల కాలువలో కలిపారంటే ఆ నీళ్లు ప్లాంట్ మొహం చూడకుండా నేరుగా గెడ్డలోకే.

మీ అపార్ట్‌మెంట్ వెనకాల మ్యాన్‌హోల్ పక్కన ఓపెన్ కాలువ ఉంది కదా, వానల్లేని రోజుల్లో కూడా అందులో నీళ్లు పారుతున్నాయేమో చూడండి, పారితే ఏ పైపు లోంచో నాన్నని అడిగి నాకు రాయండి.

మీ తాతయ్య