కేప్‌టౌన్‌లో రోడ్స్ విగ్రహం: 181 ఓట్ల వెనకున్న చరిత్ర

2015 మార్చి 27న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ సెనేట్ సమావేశమై, ప్రాంగణంలో ఎనభై ఏళ్లుగా ఉన్న బ్రిటిష్ సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ కంచు విగ్రహాన్ని తొలగించాలా వద్దా అన్న తీర్మానంపై ఓటు వేసింది. తొలగించాలని 181 మంది, వద్దని ఒక్కరు ఓటు వేయగా ముగ్గురు తటస్థంగా ఉండిపోయారు. ఏప్రిల్ 8న పాలకమండలి కూడా అదే నిర్ణయం తీసుకుంది. మర్నాడు క్రేన్ వచ్చి విగ్రహాన్ని పీఠం మీది నుంచి ఎత్తి తీసుకెళ్లింది. చుమాని మక్స్‌వేలే అనే విద్యార్థి ఆ విగ్రహంపై మలం విసిరిన మార్చి 9కీ, విగ్రహం కదిలిన ఏప్రిల్ 9కీ మధ్య గడిచింది సరిగ్గా ఒక నెల. ఆచార్యుల మధ్య ఇంతటి ఏకాభిప్రాయం ఉంటే వివాదం అక్కడితో ముగిసిపోవాలి. అలా ముగియలేదు సరికదా, తర్వాతి రెండేళ్లలో తరగతులు పదేపదే నిలిచిపోయాయి, మంటలు లేచాయి, పోలీసులు వచ్చారు. సెనేట్ ఓటు వేసింది ఒక విగ్రహం గురించి మాత్రమే. అసలు తగవు ఆ విశ్వవిద్యాలయం తన గురించి తాను చెప్పుకుంటూ వచ్చిన కథ మీద నడిచింది. ఆ కథను, దానికి పడిన బీటలను తెలుసుకోకుండా 2015 నాటి అభిప్రాయాలు అర్థం కావు.

రోడ్స్ (1853–1902) ఇంగ్లండు నుంచి పదిహేడేళ్ల వయసులో దక్షిణాఫ్రికా చేరి, కింబర్లీ వజ్రాల గనుల్లో గడించి, 1888లో డి బీర్స్ సంస్థను నెలకొల్పి, 1890 నుంచి 1896 దాకా కేప్ కాలనీ ప్రధానమంత్రిగా పనిచేశాడు. ఆయన హయాంలో 1892లో ఓటు హక్కుకు కావలసిన ఆస్తి అర్హతను పెంచి నల్లజాతి ఓటర్లను తగ్గించారు. 1894 నాటి గ్లెన్ గ్రే చట్టం ఆఫ్రికన్ రైతు కుటుంబాల భూమి హక్కును కుదించి, జిల్లా దాటి కూలికి వెళ్లని మగవారిపై పన్ను విధించింది. గనులకు కూలీలు కావలసిన రోజుల్లో గనుల యజమానే ప్రధానమంత్రి అయితే ఆ చట్టం ఎవరి మేలు కోరి వచ్చిందో విడిగా చెప్పనవసరం లేదు. చనిపోతూ ఆయన తన గ్రూట్ షూర్ ఎస్టేటును దేశానికి రాసిచ్చాడు. 1829లో కళాశాలగా మొదలై 1918లో విశ్వవిద్యాలయమైన సంస్థ ఆ ఎస్టేటులోని కొండవాలుకు తరలివెళ్లింది. శిల్పి మారియన్ వాల్గేట్ రూపొందించిన రోడ్స్ విగ్రహాన్ని అక్కడ 1934లో ఆవిష్కరించారు. అంటే ఆ విగ్రహం అక్కడ భూదాతకు తీర్చుకున్న రుణం లాంటిది. ఆ భూమి దాతకు ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం ఆనాడు ఎవరికీ తోచినట్టు లేదు.

విగ్రహంపై మొదట అభ్యంతరం చెప్పింది నల్లజాతి విద్యార్థులు కారు. 1950లలోనే ఆఫ్రికానర్ విద్యార్థులు, అంటే బోయర్లని కూడా పిలిచే డచ్చి మూలాల శ్వేతజాతివారు, దాన్ని తీసేయాలని అడిగారు. 1895 చివరలో ట్రాన్స్‌వాల్ బోయర్ ప్రభుత్వాన్ని కూలదోయడానికి జరిగిన జేమ్సన్ దాడి వెనక రోడ్స్ హస్తం ఉందన్నది వారి కోపం. ఆ పాత గొడవను బట్టి చూస్తే 'చరిత్రను చెరిపేస్తున్నారు' అని 2015లో వినబడిన ఆక్షేపణ కొంత పలచబడుతుంది. ఆ విగ్రహం అందరూ మెచ్చిన చరిత్రకు ఏనాడూ చిహ్నం కాదు.

ఇక విశ్వవిద్యాలయం చెప్పుకునే కథ. జాతి వివక్షను చట్టంగా మార్చిన నేషనల్ పార్టీ ప్రభుత్వాన్ని తాము ఎదిరించామన్నది దాని సారం. ఇందులో నిజం లేకపోలేదు. 1948 నుంచి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న టి.బి. డేవీ, ఎవరు బోధించాలి, ఏమి బోధించాలి, ఎలా బోధించాలి, ఎవరికి బోధించాలి అన్న నాలుగు విషయాలనూ విశ్వవిద్యాలయమే నిర్ణయించుకోవాలని గట్టిగా వాదించాడు. 1959 చట్టం మంత్రి అనుమతి లేనిదే నల్లజాతి విద్యార్థులు శ్వేతజాతి విశ్వవిద్యాలయాల్లో చేరరాదని శాసించినప్పుడు, కేప్‌టౌన్ అధ్యాపకులు, విద్యార్థులు నిరసన తెలిపి, విద్యా స్వేచ్ఛ జ్యోతిని ఆర్పివేస్తున్నామని ప్రకటించారు. డేవీ పేరిట స్మారకోపన్యాసాలూ అప్పుడే మొదలయ్యాయి.

అయితే డేవీ చెప్పిన నాలుగింటిలో మొదటిదే తొమ్మిదేళ్లకు పరీక్షకు వచ్చింది. 1968లో ఆర్చీ మఫేజే అనే నల్లజాతి పండితుడిని సామాజిక మానవశాస్త్ర శాఖలో సీనియర్ లెక్చరర్‌గా ఎంపిక చేశారు. ప్రభుత్వం బెదిరించింది. ఆయనను తీసుకోకుండా ఆపగల చట్టం అప్పటికి లేకపోయినా, పాలకమండలి వెనక్కి తగ్గి నియామకాన్ని రద్దు చేసింది. సుమారు 600 మంది విద్యార్థులు, అత్యధికులు శ్వేతజాతివారే, పరిపాలనా భవనమైన బ్రెమ్నర్ భవనంలో బైఠాయించి తొమ్మిది రోజులు కదలలేదు. నియామకం తిరిగి రాలేదు. మఫేజే కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొంది, దార్ ఎస్ సలామ్‌లోనూ కైరోలోనూ బోధించి, ఆఫ్రికా అంతటా పేరున్న సామాజిక శాస్త్రవేత్త అయ్యాడు. ఇంతవరకు తప్పును ప్రభుత్వం మీద వేయవచ్చు. కానీ వివక్షా పాలన సడలిపోతున్న 1990లలో ఆయన అదే విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయనాల ఆచార్య పదవికి దరఖాస్తు చేసుకుంటే అప్పుడు కూడా దక్కలేదు. ఈసారి బెదిరించిన మంత్రి ఎవరూ లేరు. 2007లో ఆయన మరణించాక, 2008లో విశ్వవిద్యాలయం ఆయన కుటుంబానికి క్షమాపణ చెప్పి గౌరవ డాక్టరేటు ప్రకటించింది. బ్రెమ్నర్ భవనంలోని సమావేశ మందిరానికి ఆయన పేరు పెట్టింది.

ఆ ఆచార్య పదవికి 1996లో మహమూద్ మమ్దానీ వచ్చారు. ఆయన కంపాలాలో పెరిగిన భారతీయ సంతతి మేధావి. మొదటి సంవత్సరం విద్యార్థులకు ఆఫ్రికా గురించి బోధించే ప్రాథమిక పాఠ్యక్రమాన్ని రూపొందించమని విశ్వవిద్యాలయమే ఆయనను కోరింది. ఆయన ఆఫ్రికా ఖండంలోని పండితుల మధ్య జరిగిన వాదోపవాదాలను కేంద్రంగా చేసుకుని పాఠ్యక్రమం తయారు చేస్తే, సహోద్యోగులు దాన్ని పక్కన పెట్టి వేరొకటి ముందుకు తెచ్చారు. దక్షిణాఫ్రికాను మిగతా ఖండం నుంచి వేరు చేసి చూపించే ఆ పాఠ్యక్రమం బంటూ విద్యకు కొత్త రూపమని మమ్దానీ 1998లో బహిరంగంగా విమర్శించారు. నల్లజాతి పిల్లలకు తక్కువ రకం చదువు చాలని వివక్షా ప్రభుత్వం నిర్ణయించిన విధానానికి పేరు బంటూ విద్య. కాబట్టి వివక్షను ఎదిరించామని గర్వించే సంస్థకు ఇంతకన్నా ఘాటైన మాట ఉండదు. మరుసటి ఏడాది ఆయన వెళ్లిపోయారు. ఎవరు బోధించాలన్నది మఫేజే విషయంలో, ఏమి బోధించాలన్నది మమ్దానీ విషయంలో తేలకుండా మిగిలిపోయాయి.

1999లో మరొకటి జరిగింది. పారిశుధ్యం, కాపలా, తోటపని, భోజన వసతి వంటి పనులను ఔట్‌సోర్సింగ్‌కు ఇచ్చారు. ఏళ్ల తరబడి విశ్వవిద్యాలయ ఉద్యోగులుగా ఉన్నవారు తక్కువ జీతానికి కాంట్రాక్టు సంస్థల కింద పనిచేయవలసి వచ్చింది. అప్పటి వైస్ ఛాన్సలర్ మాంఫేలా రాంఫేలే ఒకప్పుడు స్టీవ్ బికోతో కలిసి నల్లజాతి చైతన్యోద్యమాన్ని నడిపిన మనిషి. పై స్థానంలోకి వచ్చేవారి జాతి మారినంత మాత్రాన సంస్థ నడక మారదన్న అభిప్రాయం కార్మికుల్లో బలపడింది ఈ అనుభవంతోనే. ఆచార్యుల సంగతి చూస్తే, ప్రజాస్వామ్యం వచ్చి ఇరవై ఏళ్లయినా, 2014 నాటికి పూర్తి స్థాయి ఆచార్య హోదాలో నల్లజాతి దక్షిణాఫ్రికా మహిళ ఒక్కరు కూడా లేరు. సామాజిక శాస్త్ర ఆచార్యుడు క్జొలేలా మాంగ్చూ వంటివారు దీన్ని పత్రికల్లో ఎత్తిచూపారు. డాక్టరేటు పూర్తి చేసి, పరిశోధనలు ప్రచురించి ఆ హోదాకు చేరడానికి ఇరవై ఏళ్లు పడుతుందని వైస్ ఛాన్సలర్ మాక్స్ ప్రైస్ బదులిచ్చారు. ఆ సమాధానం తప్పు కాదు. అయితే ఇరవై ఏళ్లు అప్పటికే గడిచిపోయాయి కదా అన్నది ఎదుటివారి ప్రశ్న.

2015 మార్చిలో మక్స్‌వేలే తెచ్చిన బకెట్టు, మురుగు సౌకర్యం లేని ఖయేలిచా బస్తీలోని తాత్కాలిక మరుగుదొడ్ల నుంచి వచ్చింది. ఆ పద్ధతి చాలామందికి జుగుప్స కలిగించింది. జుగుప్స కలిగించడమే అందులోని ఉద్దేశం కూడా. విద్యార్థులు బ్రెమ్నర్ భవనాన్ని ఆక్రమించి దానికి అజానియా హౌస్ అని పేరు మార్చారు (అజానియా అంటే నల్లజాతి ఉద్యమకారులు దక్షిణాఫ్రికాకు పెట్టుకున్న పేరు). 1968లో మఫేజే కోసం బైఠాయించిన భవనం అదే. 'రోడ్స్ మస్ట్ ఫాల్' ఉద్యమం విగ్రహం తొలగింపుతో పాటు ఆచార్య నియామకాల్లో, పాఠ్యక్రమంలో మార్పును, ఔట్‌సోర్సింగ్ రద్దును అడిగింది. అధ్యాపకుల్లో అత్యధికులు ఇందులో మొదటి కోరికకు సులువుగా ఒప్పుకున్నారు, ఎందుకంటే రోడ్స్‌ను వదులుకుంటే ఉదారవాద సంస్థకు పోయేదేమీ లేదు. మిగతా కోరికల దగ్గరకు వచ్చేసరికి 181 మంది ఒక్క మాట మీద లేరు. ప్రవేశాల్లో జాతిని ప్రమాణంగా తీసుకోవడంపై అంతకుముందు నుంచే చీలిక ఉంది. నిరసనకారులకు యాజమాన్యం లొంగిపోతోందని తత్వశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ బెనటార్ వంటివారు విమర్శించారు. ఉద్యమంలోనూ ఏకత్వం లేదు. నల్లజాతి చైతన్యం, ఆఫ్రికా ఐక్యతావాదం, నల్లజాతి స్త్రీవాదం తన మూలస్తంభాలని ప్రకటించుకున్నా, స్త్రీలను, ట్రాన్స్ విద్యార్థులను వెనక్కి నెట్టారన్న ఆరోపణతో 2016 మార్చిలో ఉద్యమ వార్షిక ఛాయాచిత్ర ప్రదర్శనను ట్రాన్స్ విద్యార్థులే అడ్డుకున్నారు.

2015 అక్టోబరు నాటికి ఉద్యమం ఫీజుల మీదికి మళ్లింది. జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ విశ్వవిద్యాలయం ప్రతిపాదించిన 10.5 శాతం పెంపుతో మొదలైన నిరసన దేశమంతా పాకగా, అక్టోబరు 23న అధ్యక్షుడు జాకబ్ జుమా మరుసటి ఏడాదికి పెంపు ఉండదని ప్రకటించారు. అదే నెలలో కేప్‌టౌన్ యాజమాన్యం ఔట్‌సోర్సింగ్‌ను ఎత్తివేయడానికి కార్మికులతో ఒప్పందం చేసుకుంది. నా దృష్టిలో మొత్తం ఉద్యమంలో జీవితాలను నేరుగా మార్చిన ఫలితం ఇదే, కానీ విగ్రహానికి వచ్చిన ప్రచారంలో పదో వంతు కూడా దీనికి రాలేదు. 2016 ఫిబ్రవరిలో హాస్టల్ గదుల కొరతపై నిరసనగా విద్యార్థులు ప్రాంగణంలో రేకుల గుడిసె వేశారు. దాన్ని తొలగించిన రోజు భవనాల గోడల మీది చిత్రపటాలు తగలబడ్డాయి. వాటిలో కొన్ని, ఆ విశ్వవిద్యాలయంలో లలిత కళల్లో మాస్టర్స్ పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థి కెరెసెమోసే బహోలో గీసినవి. అందులో ఒకటి ఆరిపోయిన విద్యా స్వేచ్ఛ జ్యోతి గురించినదే. అంతవరకు సానుభూతితో ఉన్న అధ్యాపకుల్లో పలువురు దూరమైంది ఇక్కడే. డేవీ స్మారకోపన్యాసానికి పిలిచిన, ముహమ్మద్ ప్రవక్తపై వ్యంగ్యచిత్రాలు ప్రచురించిన డెన్మార్క్ పత్రికా సంపాదకుడు ఫ్లెమింగ్ రోజ్‌కు పంపిన ఆహ్వానాన్ని ఆ ఏడాది జులైలో యాజమాన్యం ఉపసంహరించుకోవడంతో, విద్యా స్వేచ్ఛ అన్న మాట ఇరుపక్షాలకూ ఆయుధమైంది.

ఈ వాదన మనకు సంబంధించిన చోటికి కూడా వచ్చింది. రోడ్స్ విగ్రహం కదిలిన రెండు రోజులకే జొహానెస్‌బర్గ్‌లోని గాంధీ విగ్రహంపై తెల్లరంగు పోశారు. 2016 జూన్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఘనా విశ్వవిద్యాలయంలో గాంధీ విగ్రహాన్ని ఆవిష్కరించగా, దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి ఏళ్లలో నల్లజాతివారిని కించపరుస్తూ ఆయన రాసిన మాటలను చూపి, కొందరు ఆచార్యులు సెప్టెంబరులో దాన్ని తీసేయాలని అర్జీ పెట్టారు. ఆఫ్రికా వీరుల విగ్రహం ఒక్కటైనా ప్రాంగణంలో లేదన్నది వారి రెండో అభ్యంతరం. 2018 డిసెంబరులో దాన్ని తొలగించారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఓరియల్ కళాశాల మాత్రం 2016లోనూ, మళ్లీ 2021లోనూ తన రోడ్స్ విగ్రహాన్ని ఉన్నచోటే ఉంచాలని నిర్ణయించింది.

కేప్‌టౌన్‌లో 2018 చివరన జేమ్సన్ హాలుకు, ఐరోపాలో ప్రదర్శన వస్తువుగా తిప్పబడిన ఖోయ్ జాతి స్త్రీ సారా బార్ట్‌మన్ పేరు పెట్టారు. అంతకుముందు 2017లో డేవీ స్మారకోపన్యాసం ఇవ్వడానికి మమ్దానీ తిరిగి వచ్చారు. రోడ్స్ పడిపోయాడు కాబట్టే వచ్చానని చెప్పారు. విగ్రహం గురించి ఆయన ఎక్కువసేపు మాట్లాడలేదు. ఆఫ్రికానర్ల భాష ఆఫ్రికాన్స్ అర్ధశతాబ్దంలోనే వంటింటి మాట నుంచి విశ్వవిద్యాలయ బోధనాభాషగా ఎదగడానికి వివక్షా రాజ్యం పోసిన డబ్బును, సంస్థలను గుర్తుచేసి, ఖోసా, జులూ వంటి భాషలకు అలాంటి అండ ఎందుకు లేదని అడిగారు. ఆ విషయం మీద ఏ సెనేట్ తీర్మానమూ 181 ఓట్లతో నెగ్గలేదు.