గులాబీ కింది గులాబీ

మండపేటలో మా పిన్ని కడియపులంక నర్సరీ నుంచి ఎర్ర గులాబీ తెచ్చి నాటింది. మొదటి ఏడాది విరగబూసింది. తర్వాతి వానలకి మొదట్లోంచి ఓ లేత కొమ్మ సర్రున లేచి, కొబ్బరి మట్టల దడి మీదికి ఎగబాకింది. ఏపుగా ఉందని పిన్ని దాన్ని ముద్దుగా పెంచింది. పువ్వు మాత్రం లేదు. ఆరు నెలల్లో అసలు గులాబీ ఎండిపోయింది.

ఆ కొమ్మ వేరే మొక్కది. మనం కొనే గులాబీలు చాలావరకు అంటు మొక్కలు. అడవి గులాబీ కాండం మీద బెరడును టీ అక్షరంలా చీల్చి, మేలు రకం కన్నును, అంటే చిగురు మొలిచే మొగ్గను, అందులో దూర్చి కడతారు. అది అతుక్కున్నాక దాని పైనున్న అడవి గులాబీ కొమ్మ కోసేస్తారు. పూసేది ఒకటి, నీళ్లు తోడేది ఇంకొకటి.

మన దేశంలో ఇలా అడుగున ఉంచే వాటిలో రోజా మల్టీఫ్లోరా ఒకటి. పుట్టిల్లు చైనా, జపాన్, కొరియా. ఐదే రేకుల చిన్న తెల్లపూలు, గుత్తులు గుత్తులుగా, ఏడాదికి ఒక్కసారే. పాకడానికి నులితీగలు లేవు, కొక్కేల్లా వంగిన ముళ్లే ఆధారం. నిమ్మముల్లు రూపం మారిన కొమ్మ. గులాబీ ముల్లు పైపొర నుంచే వస్తుంది, అందుకే పక్కకి నొక్కితే ఊడిపోతుంది.

పాకడానికీ ఒక్కసారే పూయడానికీ లంకె ఉందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. అడవి గులాబీలో ఒక జన్యువు పూతను ఆపి ఉంచుతుంది, ఆ వ్యవధిలో కొమ్మ సాగుతూ పోతుంది. నిత్యం పూసే తోట గులాబీల్లో ఆ జన్యువు మధ్యలోకి ఓ డీఎన్‌ఏ ముక్క చొరబడి దాన్ని పనిచేయనివ్వలేదు. 2012లో శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చారు. మన కుండీలో రోజూ పువ్వు పూయడానికి కారణం ఆ చెడిన జన్యువే!

ఈ తీగకి బఠాణీ గింజంత ఎర్ర కాయలు కాస్తాయి. జపాన్‌లో వాటిని ఎండబెట్టి విరేచనం సాఫీగా అయ్యే మందుగా వాడేవారు. గులాబీ కాయల్లో విటమిన్ సి మెండు. రెండో ప్రపంచయుద్ధంలో నారింజలు దొరకని బ్రిటన్ తమ అడవి గులాబీ కాయలతోనే పిల్లలకి సిరప్ కాచింది.

1930లలో అమెరికా ప్రభుత్వం నేల కోత ఆపడానికీ, పశువుల కంచెకీ మల్టీఫ్లోరాని నాటించింది. పిట్టలు కాయలు తిని గింజలు చల్లాయి, పచ్చిక బయళ్లు ముళ్లపొదలయ్యాయి. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో అది కలుపు మొక్క. మన ఏటిగట్ల మీద మాత్రం ఇలాంటి ప్రయోగం వద్దంటాను.

అడుగు మొక్క కొమ్మని గుర్తుపట్టడం తేలికే. అంటు ముడికి, అంటే రెండు మొక్కలు అతికిన చోటికి, కిందనుంచి వస్తుంది. ఒక్కో ఆకుకి తరచూ ఏడు, తొమ్మిది రెక్కలుంటాయి, తొడిమ మొదట్లో దువ్వెన పళ్లలాంటి అంచు కనిపిస్తుంది. కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. మట్టి తీసి, పుట్టినచోటి నుంచి లాగేయాలి. ఈసారి పిన్ని అంటు ముడిని మట్టికి పైనే ఉంచి నాటింది.