గ్రూప్ వర్క్‌లో పెన్సిలు ఎవరి చేతిలో ఉంది?

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల బడులకు వెళ్లి క్లాసులు చూడటం నా ఉద్యోగం. బడిలో ఒడియా మీడియం, పిల్లల ఇళ్లలో తెలుగో, గిరిజనుల సవర భాషో. గ్రూప్ వర్క్ గురించి స్టాఫ్ రూముల్లో వినపడేదానికీ, వెనక బెంచీ మీద కూచుంటే నాకు కనపడేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు.

అపోహ: నలుగుర్ని ఎదురెదురుగా కూచోబెడితే గ్రూప్ వర్క్ అయిపోయినట్టే.

వాస్తవం: నేను ముందు చూసేది పెన్సిలు ఎవరి చేతిలో ఉందని. ఒక ఐదో తరగతిలో గ్రూపుకో చార్టు, ఒక స్కెచ్ పెన్ను ఇచ్చారు. లీడరు రాస్తున్నాడు. ఒకడు స్కేలు పట్టుకుని అంచు గీసే ఛాన్సు కోసం చూస్తున్నాడు. ఇంకొకడు చార్టు ఎగరకుండా మోచెయ్యి ఆనించాడు. నాలుగో పిల్ల కిటికీలోంచి రోడ్డు మీద సైకిళ్లు లెక్కపెడుతోంది. చార్టు ముచ్చటగా వచ్చింది. లెక్క చేసింది ఒక్కడే, వాడికది ముందే వచ్చు.

పిల్లల బద్ధకం అనుకోకండి. ఫ్రాన్సులో రింగెల్‌మన్ అనే ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, 1913లో లెక్కలు ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగితే తలా సగం బలమే పెట్టినట్టు తేలింది. పనిలోనే నలుగురి అవసరం ఉండాలి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ పెట్టిన ‘జిగ్సా’ కిటుకు అదే, పాఠంలో తలా ఒక ముక్క.

మా వైపు ఒక గురుమా (ఒడియాలో టీచరమ్మ) ఆ కిటుకుని సంత లెక్కకి వాడింది. గ్రూపుకి నాలుగు చీటీలు. చింతపండు కిలో 120 రూపాయలు. కావాల్సింది 750 గ్రాములు. చేతిలో 200 నోటు. మిగిలినదాంతో 25 రూపాయల ఉప్పు ప్యాకెట్లు ఎన్నొస్తాయి? చీటీ చదివి వినిపించాలి గానీ పక్కవాళ్ల చేతికి ఇవ్వకూడదు. ధర చీటీ ఎప్పుడూ నోరు విప్పని ఒక సవర పిల్లకి వచ్చింది. ముగ్గురూ ఆమె మీదకి వంగి “ఎంత? ఎంత?” అంటుంటే, ఆ పిల్ల తాపీగా రెండుసార్లు చదివింది. గ్రూపుకి ఆ రోజు ఆమె లేకపోతే గడవదు.

అపోహ: తెలివైనవాణ్ని లీడరు చేస్తే మిగతావాళ్లు వాడి దగ్గర నేర్చుకుంటారు.

వాస్తవం: చాలాసార్లు వాడే నేర్చుకుంటాడు. వివరించి చెప్పేవాడికి లాభం ఎక్కువ. అందుకే చెప్పే వంతు అందరికీ తిరగాలి.

అపోహ: గ్రూపులో తెలుగు మాట్లాడితే పాఠం పక్కదారి పట్టినట్టే.

వాస్తవం: ఆ సంత లెక్కలోనే చీటీ ఒడియాలో ఉంది. “750 అంటే ముప్పావురా!” అని ఒకడు తెలుగులో అరిచాకే లెక్క కదిలింది. జవాబు మళ్లీ ఒడియాలోనే రాశారు. తొంభై పోగా నూటపది, నాలుగు ప్యాకెట్లు, పది చిల్లర. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసిన ఊరు ఈ పర్లాకిమిడే. సవర భాష ఆయన ఇక్కడే నేర్చుకున్నారు. ఆ ఊళ్లోనే ఈ మాట ఇంకా ఎందుకు వినపడుతుందో!

అపోహ: సందడి ఉంటే క్లాసు చెయ్యి దాటినట్టు.

వాస్తవం: గోల వేరు, లెక్క మీద తగువు వేరు. రెండు నిమిషాలు చెవి పెడితే తెలిసిపోతుంది.

అపోహ: టీచరు ప్రతి గ్రూపు దగ్గరా ఆగి సాయం చేయాలి.

వాస్తవం: టీచరు వంగిన మరుక్షణం నాలుగు తలలూ ఆమె వైపు తిరుగుతాయి, వాళ్లలో వాళ్ల మాట ఆగిపోతుంది. నేనూ ఇదే తప్పు చేశాను. మొదటి ఏడాది పరిశీలనకెళ్లి గ్రూపు పక్కనే కుర్చీ వేసుకుని “ఏం చేస్తున్నారమ్మా?” అని అడిగేవాణ్ని. వాళ్లు నాకు పాఠం అప్పజెప్పేవారు, నేను ‘చర్చ బాగుంది’ అని టిక్కు పెట్టేవాణ్ని. ఇప్పుడు గోడవారగా కూచుని, పీరియడ్ చివర్లో పెన్ను పట్టుకోనివాళ్లలో ఒకర్ని బోర్డు దగ్గరికి పిలవమంటాను. సంత లెక్క రోజున గురుమా పిలిచింది మోచెయ్యి ఆనించే రకం ఒకణ్ని. బోర్డు మీద 110 దాకా వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి సవర పిల్ల వైపు చూశాడు.