మంటల దగ్గర ఆదేశం, స్టేషన్‌లో విచారణ: ఫైర్ సర్వీసులో క్రమశిక్షణ ఎలా మారుతూ వచ్చింది

1851లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఒక కొయ్య మిల్లు అంటుకుంది. ఆర్పడానికి వచ్చిన వాలంటీర్ ఫైర్ కంపెనీల్లో రెండింటికి అక్కడే గొడవైంది. తర్వాత వచ్చినవాళ్లు కూడా గొట్టాలు పక్కన పడేసి కొట్లాటలోకి దిగారు. పదికి పైగా కంపెనీలు పోగయ్యాయి గానీ నీళ్లు కొట్టే నాథుడు లేడు. మిల్లు కాలి బూడిదైంది.

ఊరి జనానికి విసుగెత్తిపోయింది. రెండేళ్లు తిరక్కుండానే, 1853 ఏప్రిల్ 1న, సిన్సినాటిలో జీతానికి పనిచేసే ఫైర్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. వాలంటీర్ల చేతిపంపుల స్థానంలోకి ఆవిరి ఇంజన్ వచ్చింది. దానితోపాటు చెప్పిన మాట వినకపోతే ఉద్యోగం పోతుందన్న భయం కూడా వచ్చింది. న్యూయార్క్‌లోనూ దాదాపు ఇదే జరిగింది. అక్కడ వాలంటీర్ కంపెనీలంటే రాజకీయ అడ్డాలే. అవినీతికి మారుపేరైన బాస్ ట్వీడ్ అలాంటి కంపెనీకి నాయకుడిగా ఉండే పైకొచ్చాడు. 1865లో జీతాల వ్యవస్థ పెట్టారు. కొద్దికాలానికే అంతర్యుద్ధంలో జనరల్‌గా పనిచేసిన అలెగ్జాండర్ షేలర్‌ను తెచ్చి బోర్డుకు అధ్యక్షుణ్ని చేశారు. ర్యాంకులూ డ్రిల్లులూ సైన్యంలో ఉన్నట్టే వచ్చాయి.

ఫైర్ సర్వీసులో క్రమశిక్షణ పుట్టింది ఇలా, ఒక నిజమైన అవసరం నుంచి. ఈ సంగతి మర్చిపోయి తర్వాతి కథ చెబితే అధికారులంతా దుర్మార్గులన్నట్టు వినిపిస్తుంది. అది నిజం కాదు.

అట్లాంటిక్‌కు ఇవతలి ఒడ్డున, బ్రిటన్‌లో, జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ ఉన్నాడు. 1824లో ఎడిన్‌బరో ఫైర్ ఇంజన్ల బాధ్యత తీసుకునేనాటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు. ఇళ్ల కప్పులు వేసేవాళ్లను, వడ్రంగులను, తాపీ పనివాళ్లను ఏరి మరీ తీసుకున్నాడు. ఏ గోడ ఎప్పుడు కూలుతుందో, ఏ దూలం బరువు మోస్తుందో వాళ్లకు తెలుసు కాబట్టి. తెల్లవారకముందే డ్రిల్ చేయించేవాడు. మండుతున్న ఇంట్లోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదన్నది అతని కచ్చితమైన నియమం. 1833లో లండన్ బీమా కంపెనీలు కలిసి పెట్టుకున్న దళానికి అధిపతి అయ్యాడు. 1861 జూన్‌లో టూలీ స్ట్రీట్ గోదాముల అగ్నిప్రమాదంలో తన మనుషుల దగ్గరికి వెళ్లినప్పుడు గోడ మీద పడి చనిపోయాడు.

అతని తర్వాత వచ్చిన కెప్టెన్ ఐర్ మాసీ షా, 1866లో మొదలైన మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్‌లోకి నావికులనే తీసుకోవాలని పట్టుబట్టాడు. పైకెక్కడం, తాళ్లతో పనిచేయడం, రాత్రింబవళ్లు వంతులవారీగా కాపలా కాయడం వాళ్లకు అలవాటు. అన్నిటికన్నా ముఖ్యం, ఎదురు ప్రశ్న వేయకుండా ఆదేశం పాటించడం అలవాటు. లండన్‌లో వంతును ‘వాచ్’ అనడం ఓడల నుంచి వచ్చిన మాటే.

పొగలో పక్కవాడి మొహం కనపడదు. గొట్టం పట్టుకున్నవాణ్ని వెనక్కి రమ్మంటే రావాలి, ఎందుకని అడిగే వీల్లేదు. అక్కడ ఆదేశం అంటే ప్రాణం. అసలు చిక్కు మంట ఆరాక మొదలైంది. ఆ ఆదేశాన్నే స్టేషన్‌లోకీ తెచ్చుకున్నారు. అప్పట్లో ఫైర్‌మ్యాన్ ఉండేదే స్టేషన్‌లో. డ్యూటీ అంటే ఇరవై నాలుగు గంటలూ డ్యూటీయే, బయటికి వెళ్లాలంటే అనుమతి కావాలి. ఇత్తడి సరిగ్గా తుడవకపోయినా, రోల్ కాల్‌కు రెండు నిమిషాలు ఆలస్యమైనా, పై అధికారికి ఎదురు చెప్పినా తప్పే. ఆ తప్పు చూసేది ఆ అధికారే, నమోదు చేసేది ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. మంటల దగ్గర ఒక్కడి మాటే చెల్లాలన్న సూత్రం మెస్ బల్ల దగ్గరికీ వచ్చి కూర్చుంది.

1918లో బ్రిటన్‌లో ఫైర్‌మెన్ యూనియన్ ఏర్పడి, 1920లో లండన్‌లో రెండు షిఫ్టుల పద్ధతి వచ్చాక గానీ ఆ బిగింపు కొంత సడలలేదు. షిఫ్టులు మారినా శిక్షల పద్ధతి మాత్రం మారలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిగేడ్లను స్థానిక సంస్థలకు అప్పగించినప్పుడు, 1948లో పార్లమెంటు చట్టం కింద ఫైర్ సర్వీసుకు ప్రత్యేకంగా క్రమశిక్షణ నిబంధనలు రాశారు. పోలీసు నిబంధనల తీరే వీటిది. తప్పుల జాబితా, అభియోగ పత్రం, హియరింగ్, ఆ తర్వాత శిక్ష. 1985లో వాటిని తిరగరాశారు. అధికారి నోటిమాట మీద శిక్ష పడే రోజుల కన్నా ఇది ఎంతో నయం. కాకపోతే మందలింపుతో పోయే చిన్న తగువుకూ మిలిటరీ కోర్టు హంగులన్నీ కావాల్సి వచ్చేది. దాంతో చాలామంది స్టేషన్ అధికారులు అసలు ఫైలే తెరవడం మానేశారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ ఎదురవుతుంది.

న్యాయంగా విచారించడం అనే ఆలోచన ఫైర్ సర్వీసు లోపల పుట్టింది కాదు, కోర్టుల నుంచి వచ్చింది. 1718లో ఇంగ్లండ్‌లో డాక్టర్ బెంట్లీ అనే పండితుడి డిగ్రీలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయన మాట వినకుండానే తీసేసింది. దేవుడు కూడా ఆదామును పిలిచి సంజాయిషీ అడిగాకే శిక్ష వేశాడని 1723లో ఆ కేసులో ఒక జడ్జి గుర్తుచేశాడు. తర్వాతి కాలంలో యూనిఫాం ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి కోర్టులు ఈ మాట అనడానికి కాస్త వెనకాడాయి. 1958లో బ్రైటన్ పోలీసు చీఫ్‌ను విచారణ లేకుండా తీసేశారు. క్రిమినల్ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డా, జడ్జి ఆయన మీద చేసిన వ్యాఖ్యలే ఆధారమయ్యాయి. 1963లో అప్పటి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తొలగింపు చెల్లదంది. ఆయన తప్పు చేశాడా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. అడక్కుండా తీసేశారు, అది చాలు.

మన రాజ్యాంగం ఈ పని ఇంకా ముందే చేసింది. 311వ అధికరణ ప్రకారం ప్రభుత్వ సివిల్ ఉద్యోగిని నియమించిన అధికారి కన్నా కిందివారు తీసేయలేరు. అభియోగాలు చెప్పి, సంజాయిషీకి తగిన అవకాశం ఇవ్వకుండా తొలగించడం గానీ హోదా తగ్గించడం గానీ కుదరదు. మినహాయింపులు ఉన్నాయి, అవి ఎప్పుడు వాడాలన్నది వేరే పెద్ద చర్చ. 1993లో సుప్రీంకోర్టు ఎంక్వైరీ ఆఫీసర్ ఇచ్చిన రిపోర్టు కాపీని శిక్ష వేయకముందే ఉద్యోగికి ఇవ్వాలంది. 2015లో ఛార్జ్ మెమో (అభియోగాల నోటీసు) ఇవ్వకుండా సస్పెన్షన్‌ను మూడు నెలలు దాటి సాగదీయకూడదంది. సస్పెన్షన్ శిక్ష కాదని కాగితం మీద ఉంటుంది. యూనిఫాం పక్కన పెట్టి, సగం జీతంతో, ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో తెలియక కూర్చున్న మనిషికి ఆ తేడా ఏం తెలుస్తుంది? సైరన్ వినిపిస్తే ఇంకా ఒళ్లు లేస్తుంది, వెళ్లడానికి లేదు. ఛార్జ్ మెమో ఆలస్యం చేయడాన్ని చిన్న ఆఫీసు పొరపాటుగా చూసే అధికారులంటే నాకు కోపం అందుకే.

అమెరికాలో ఈ కథ కేసు తర్వాత కేసుగా నడిచింది. ట్రాఫిక్ చలాన్లను మాయం చేస్తున్నారన్న ఆరోపణ మీద న్యూజెర్సీలో పోలీసులను ప్రశ్నించారు. జవాబు చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, చెబితే ఆ మాటలతోనే క్రిమినల్ కేసు పెడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 1967లో సుప్రీంకోర్టు, ఉద్యోగం పోతుందని బెదిరించి రాబట్టిన మాటలను క్రిమినల్ కేసులో వాడకూడదంది. గారిటీ తీర్పు అంటారు దీన్ని. అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్లలో విచారణకు కూర్చునే ప్రతి ఉద్యోగికీ ఈ పేరు తెలుసు. అంతకు ముందు ఏడాది, 1966లో, కారల్ డాహర్టీ అనే మధ్యవర్తి ఒక కార్మిక వివాదం తేలుస్తూ ఏడు ప్రశ్నలు రాశాడు. ఇలా చేస్తే శిక్ష పడుతుందని ఉద్యోగికి ముందే తెలుసా? ఆ నియమానికి అర్థం ఉందా? శిక్షకు ముందు విచారణ చేశారా? పక్షపాతం లేకుండా చేశారా? రుజువు దొరికిందా? ఇదే తప్పు ఇంకొకరు చేస్తే ఇదే శిక్ష వేశారా? తప్పుకు, ఉద్యోగి సర్వీసుకు తగ్గట్టే శిక్ష ఉందా? వీటిలో ఆరోది ఫైర్ సర్వీసుకు ఎక్కువ నొప్పి పెట్టే ప్రశ్న. అందరికీ ఇష్టుడైన పాతికేళ్ల సీనియర్ తాగి డ్యూటీకి వస్తే “ఇంటికెళ్లి పడుకోరా” అంటారు. కొత్త కుర్రాడు వస్తే మెమో.

క్లీవ్‌లాండ్‌లో ఒక స్కూల్ బోర్డు సెక్యూరిటీ గార్డు కథ మరీ దగ్గరగా తాకుతుంది. ఉద్యోగ దరఖాస్తులో తనకు పెద్ద నేరంలో శిక్ష పడలేదని రాశాడు. నిజానికి ఎప్పుడో పడింది, అది చిన్న నేరం కింద వస్తుందనుకున్నానని అతని వాదన. అబద్ధం చెప్పాడని బోర్డు తీసేసింది. ఆ ఒక్క వాక్యం చెప్పుకునే అవకాశం కూడా అతనికి ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు ఆ లౌడర్‌మిల్ కేసులో, తీసేయకముందే ఆరోపణ ఏమిటో, ఆధారం ఏమిటో చెప్పి అతని మాట వినాలంది. తర్వాత అప్పీలు చేసుకోవచ్చు కదా అన్న వాదన నిలవలేదు. నిర్ణయం తీసుకునే మనిషి మనసు మారే అవకాశం ఉండేది ముందే కదా.

కాలిఫోర్నియాలో ఫైర్‌ఫైటర్ల హక్కుల చట్టం 2008లో అమల్లోకి వచ్చింది. పోలీసులకు అలాంటి చట్టం 1970ల్లోనే ఉంది. విచారణ వీలైనంత వరకూ డ్యూటీ వేళల్లోనే జరగాలి, ప్రశ్నలు వేసేవాళ్లు ఒకేసారి ఇద్దరికి మించకూడదు, విషయం ముందే చెప్పాలి, తోడుగా ప్రతినిధిని ఉండనివ్వాలి, సంగతి బయటపడ్డ ఏడాదిలోగా తేల్చాలి. ఇలా చట్టంలో రాయాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది ఆరోపణ పడ్డవాడి వైపు నుంచి. ఫిర్యాదు చేసేవాళ్ల వైపు కథ చాలా ఆలస్యంగా మొదలైంది. స్టేషన్ గోడల మధ్య అందరూ ఒకే రకం మనుషులుగా ఉన్నంతకాలం ఏం జరిగినా ‘మన ఇంటి విషయం’.

న్యూయార్క్‌లో బ్రెండా బర్క్‌మన్ కేసు వేసి, శారీరక పరీక్ష స్త్రీల పట్ల వివక్షగా ఉందని 1982లో గెలిచింది. ఆ ఏడాదే నలభై మందికి పైగా స్త్రీలు డిపార్ట్‌మెంట్‌లోకి వచ్చారు. ప్రొబేషన్ ముగిసే వేళకు బర్క్‌మన్‌నూ ఇంకొకామెనూ పని చేతకాదని తీసేశారు. ఆ మాట రాసింది ఎవరు? ఆమె రాకను ఇష్టపడని స్టేషన్ వాళ్లు. 1983 చివర్లో కోర్టు మళ్లీ జోక్యం చేసుకుని ఇద్దరినీ ఉద్యోగంలో పెట్టించింది. కాగితాలన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి, రిపోర్టుల మీద సంతకాలున్నాయి. రాసిన చెయ్యే నిష్పాక్షికంగా లేదు.

బ్రిటన్‌లో 2002లో ప్రభుత్వం వేసిన బెయిన్ సమీక్ష పాత క్రమశిక్షణ నిబంధనలను తీసేసి, మిగతా ఉద్యోగాల్లాగే ఏకాస్ (ఉద్యోగ వివాదాల్లో సలహా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) నియమావళి ప్రకారం నడవాలంది. 2004లో ఆ మార్పు జరిగింది. చిన్న విషయాన్ని చిన్నగా, దగ్గరి అధికారి దగ్గరే తేల్చాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే దగ్గరి అధికారి అంటే ఎవరు? అదే షిఫ్టులో వాళ్లతో కలిసి తిని, కలిసి పడుకుని, కలిసి నిప్పులోకి వెళ్లే మనిషి. ఫైల్ తెరవకుండా సర్దేసే పాత అలవాటు ఇప్పుడు కొత్త నిబంధనల నీడలో హాయిగా బతికింది.

2020లో లండన్‌లో ఒక ట్రైనీ ఫైర్‌ఫైటర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత బ్రిగేడ్ కమిషనరే స్వతంత్ర సమీక్ష కోరాడు. న్యాయవాది నజీర్ అఫ్జల్ 2022 నవంబరులో ఇచ్చిన రిపోర్టు చదవడం కష్టం. ఒక నల్లజాతి ఫైర్‌ఫైటర్ లాకర్ పైన ఉరితాడు వేలాడదీశారు. ఒక మహిళ హెల్మెట్‌లో మూత్రం పోశారు. ఆ హెల్మెట్ గురించి ఆలోచించండి. మంటల్లోకి వెళ్లేటప్పుడు తల మీద పెట్టుకునేది అది. సంస్థ నిండా స్త్రీద్వేషం, జాతి వివక్ష పేరుకున్నాయని సమీక్ష తేల్చింది. 2023 మార్చిలో ఫైర్ సర్వీసులను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరేట్ ఇంగ్లండ్ మొత్తం సర్వీసుల సంస్కృతి మీద 35 సిఫార్సులతో రిపోర్టు ఇచ్చింది. 2024 ఆగస్టులో పది సర్వీసుల్లో దుష్ప్రవర్తన కేసులు ఎలా నడుపుతున్నారో విడిగా చూసి ఇంకో 15 సిఫార్సులు చేసింది.

ఈ రెండో రిపోర్టు నాకు ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే అది రెండు పక్షాల బాధనూ ఒకేచోట చూపించింది. ఫిర్యాదు చేస్తే తమకే ముప్పని చాలామంది నోరు విప్పడం లేదు. విచారణ చేసే మేనేజర్లకు తగిన శిక్షణ లేదు. కేసులు సాగుతూనే ఉంటాయి. ఈలోపు ఆరోపణ పడ్డవాడినీ పట్టించుకునేవాళ్లు ఉండరు, ఫిర్యాదు చేసినామెనూ ఉండరు. తొందరపాటు శిక్షకూ లోపాయికారీ సర్దుబాటుకూ మధ్య యుద్ధం ఉందనుకుంటాం గానీ రెండూ ఒకే చెట్టు కొమ్మలు. రెండిటిలోనూ నిజం ఏమిటో తెలుసుకోవడానికి ఎవరూ కూర్చోరు.

అందుకే ఇప్పుడు చర్చంతా ఒక చోటికి చేరింది: ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలి, ఎవరు విచారించాలి. స్టేషన్‌కు బయట గోప్యంగా చెప్పుకునే దారి ఉండాలని 2023 రిపోర్టు మొదటి సిఫార్సుగానే చెప్పింది. కొన్నిచోట్ల బయటి విచారణాధికారులను పెడుతున్నారు. దీనికి లోపలి నుంచి వచ్చే అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. ఫైర్‌గ్రౌండ్ (మంటలార్పే చోటు) తెలియని మనిషి, పొగలో అరిచిన అరుపుకూ మెస్‌లో అరిచిన అరుపుకూ తేడా ఎలా పోల్చుకుంటాడని అడుగుతున్నారు. అది తెలిసిన మనిషేమో ఆ వాచ్‌లోనే పెరిగి ఉంటాడు. విచారణ తేలేలోపు ఫిర్యాదు చేసినవారినీ ఆరోపణ పడ్డవారినీ ఒకే షిఫ్టులో ఉంచాలా, విడదీయాలా, విడదీస్తే బదిలీ ఎవరికి పడాలి అన్నది ఇవాళ్టికీ ఎక్కువ స్టేషన్లలో ఆ రోజు డ్యూటీలో ఉన్న అధికారి ఇష్టం మీదే నడుస్తోంది.