పిల్లలతో విదేశాల్లో సైన్స్ మ్యూజియం చూడబోతున్నారా? అపోహలు – వాస్తవాలు

గుంటూరు, విజయవాడ బడుల్లో గాలి నింపిన గుమ్మటం వేసి పిల్లలకు ఆకాశం చూపించడం నా పని. వేసవిలో అమెరికా, లండన్, సింగపూర్‌లలోని బంధువుల ఇళ్లకు బయలుదేరేవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ప్లానెటోరియంలో టెలిస్కోపుతో చుక్కలు చూపిస్తారు, రాత్రే వెళ్లాలి.

వాస్తవం: గుమ్మటం లోపలి వైపున ప్రొజెక్టర్‌తో ఆకాశాన్ని చూపిస్తారు. జర్మనీకి చెందిన జైస్ కంపెనీ చేసిన ఇలాంటి తొలి ప్రొజెక్టర్‌ను 1923లో మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో ప్రదర్శించారు. మిట్టమధ్యాహ్నమైనా, మబ్బు పట్టినా ప్రదర్శన ఆగదు.

అపోహ: ఆకాశం ఎక్కడైనా ఒకటే. హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటోరియం చూశాం కదా, మళ్లీ ఎందుకు?

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ధ్రువ నక్షత్రం నేలా నింగీ కలిసే గీత నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ ఊరి అక్షాంశం దాదాపు అంత. విజయవాడకు అది 16.5 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే మేడ మీద ఉత్తరానికి తిరిగి నిలబడితే ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తులో ఉంటాడు. లండన్‌లో ఐదు పిడికిళ్లు. సింగపూర్‌లో ఇంచుమించు నేలను తాకుతూ ఉంటాడు, కనిపించడమే కష్టం. ప్రయాణానికి ముందే పిల్లల చేత కొలిపించండి. పెళ్లిళ్లలో చూపించే అరుంధతీ వసిష్ఠులను సప్తర్షి మండలంలో వెతికించండి. అమెరికాలో బిగ్ డిప్పర్ అని చూపించేది ఆ ఏడు చుక్కలనే, పిల్లలు ఇట్టే గుర్తుపడతారు.

అపోహ: మ్యూజియంలో ఏదీ ముట్టుకోకూడదు, వరసగా అన్నీ చూసేయాలి.

వాస్తవం: 1969లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరటోరియం అనే సైన్స్ మ్యూజియం పెట్టిందే పిల్లలు తమ చేతులతో చేసి చూడాలని. మీ అమ్మాయి ఒక పరికరం దగ్గర అరగంట ఆగిపోతే ఆగనివ్వండి. ఫోటో తీసి, చెయ్యి పట్టుకుని లాక్కుపోకండి. లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ అబ్జర్వేటరీలో పెద్ద లోలకం ఊగుతూ, చుట్టూ నిలబెట్టిన పుల్లలను ఒక్కొక్కటే పడగొడుతుంది. లోలకం తన దారిలోనే ఊగుతుంటే కింద నేలే మెల్లగా తిరుగుతుంది కాబట్టి, భూమి తిరుగుతోందనడానికి అది కళ్లెదుటి రుజువు. ఒక్క పుల్లయినా పడేదాకా అక్కడే ఉండండి.

అపోహ: ప్రవేశం ఉచితమంటే అన్నీ ఉచితమే.

వాస్తవం: లండన్ సైన్స్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం, పిల్లలు చేతులతో చేసి చూసే వండర్‌ల్యాబ్ అనే విభాగానికి మాత్రం టికెట్టు కొనాలి. గ్రిఫిత్‌లోనూ అంతే, ప్లానెటోరియానికి విడిగా టికెట్టు ఉంటుంది. పైగా ఐదేళ్లలోపు పిల్లలను రోజులో మొదటి ప్రదర్శనకే రానిస్తారు. చంటిపిల్లలు ఉంటే తలుపులు తెరిచే వేళకే చేరుకోండి.