జనరల్ అయితే గవర్నర్ గ్యారంటీయా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఎన్‌డీఏ, సీడీఎస్ పరీక్షలకు, అంటే సైన్యంలో ఆఫీసర్ కావడానికి రాసే పరీక్షలకు, పిల్లల్ని తయారుచేస్తుంటాను. పొద్దున్నే పరుగు అయ్యాక కూర్చోబెడితే, సిలబస్ వదిలేసి జనరల్ కె.వి. కృష్ణారావు గారి మీద పడతారు. తెలుగువాడు, సైన్యాధిపతి, ఆపైన గవర్నర్! అక్కడ మొదలవుతాయి అపోహలు.

అపోహ: "మాస్టారూ, జనరల్ తర్వాత ప్రమోషన్ గవర్నరే కదా?"

వాస్తవం: గవర్నర్ ర్యాంకు కాదు నాయనా. 155వ అధికరణ కింద రాష్ట్రపతి నియమిస్తారు. భారత పౌరుడై, 35 ఏళ్లు నిండితే అర్హుడే. యూనిఫాం ఊసే లేదు. కృష్ణారావు గారు 1942లో మహర్ రెజిమెంట్‌లో చేరి, 1983 జూలైలో సైన్యాధిపతిగా రిటైరయ్యారు. గవర్నరయింది 1984లో. మన ఆంధ్రప్రదేశ్‌కూ 1962-64లో మాజీ సైన్యాధిపతి జనరల్ శ్రీనాగేశ్ గవర్నర్‌గా చేశారు. కానీ సైన్యాధిపతులుగా చేసినవాళ్లలో ఎక్కువమందికి రాజ్‌భవన్ రాలేదు.

మరి ఈయనకే ఎందుకు? నా అంచనా చెబుతాను. 1970-72లో నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాటును ఎదుర్కొన్న మౌంటెన్ డివిజన్‌కు ఆయనే కమాండర్. 1971 యుద్ధంలో ఆ డివిజన్‌తోనే సిల్హెట్ (ఇప్పటి బంగ్లాదేశ్) వైపు నడిచారు. పన్నెండేళ్ల తర్వాత నాగాలాండ్, మణిపూర్, త్రిపుర మూడింటికీ గవర్నర్‌గా ఆ కొండల్లోకే పంపారు. 1974 నుంచి జమ్మూ ప్రాంతంలో కోర్‌ను (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) నడిపారు. తర్వాత జమ్మూకశ్మీర్‌కు రెండుసార్లు గవర్నర్: 1989-90లో, మళ్లీ 1993-98లో. భుజం మీది నక్షత్రాల కంటే ఆ నేల తెలిసి ఉండటమే పనికొచ్చిందంటాను.

అపోహ: మాజీ జనరల్ గవర్నరైతే అక్కడి సైన్యం ఆయన చేతిలోనే.

వాస్తవం: రిటైరైన రోజే కమాండ్ పోయింది. సైన్యానికి దాని సొంత వరుస ఉంది. అయితే 1996 అక్టోబరు దాకా కశ్మీర్‌లో రాష్ట్రపతి పాలన కాబట్టి పరిపాలన భారమంతా గవర్నర్ మీదే. 1993 అక్టోబరులో శ్రీనగర్ హజ్రత్‌బల్ ప్రార్థనామందిరంలో సాయుధులు చేరితే, చుట్టూ సైన్యం ఉన్నా లోపలికి దూకలేదు. భోజనం పంపిస్తూ, మాటలు నడుపుతూ నెల రోజులు ఆగారు. నవంబరు 16న వాళ్లే బయటికొచ్చారు. 1995 మేలో, ఇలాగే సాయుధులు చేరిన చరారె షరీఫ్‌లో మాత్రం దర్గా కాలిపోయింది. అప్పుడూ గవర్నర్ ఈయనే. పిల్లలకు రెండూ చెబుతాను, ఒకటి చెప్పి ఒకటి దాస్తే పాఠం కాదు. 1996లో, 1987 తర్వాత మొదటిసారి, అక్కడ అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి.

అపోహ: కోరుకొండ సైనిక్ స్కూల్లో సీటొస్తే ఆఫీసరైనట్టే.

వాస్తవం: తల్లిదండ్రులకు ఇదే ధీమా. అక్కడ చదివినా యూపీఎస్సీ రాత పరీక్ష, అయిదు రోజుల ఎస్ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ, మెడికల్ అందరితో పాటే.

అపోహ: జవానుగా చేరితే ఆఫీసర్ కాలేరు.

వాస్తవం: అవుతారు. ఇంటర్ పాసై, సర్వీసులో ఉన్న జవాన్లకు డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ దారి ఉంది. ఎస్ఎస్‌బీ మాత్రం తప్పదు. వయసు హద్దు దాటకముందే యూనిట్‌లో అడగండి.